కొత్త స్మార్ట్‌ఫోన్ నేర్చుకోవాలంటే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

బటన్‌ఫోన్_భక్తుడు
బటన్ ఫోన్ వదిలి టచ్ ఫోన్‌కి వచ్చి 10 రోజులు. వయసు 61. ఇంట్లో ఎవరిని ఏది అడిగినా ఒకటే తంతు. "ఇలా ఇవ్వండి" అని ఫోన్ తీసుకోవడం, టకటకా నాలుగు నొక్కుళ్లు, "అయిపోయింది" అని చేతిలో పెట్టడం. ఏం చేశారో కంటికి ఆనదు. రేపు అదే పని పడితే మళ్లీ వాళ్ల కోసం ఎదురుచూపులు. యూట్యూబ్ చూస్తే అందులో చూపించిన మీట నా ఫోన్‌లో ఉండదు. ఫోన్ ఎలా వాడాలో తర్వాత. అసలు సాయం ఎలా అడగాలో చెప్పండి ముందు.

రిపేర్‌బెంచి
ఒకే షరతు పెట్టండి: ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది, వేలు మీదే. ఎదుటివాళ్లకి నోటితో మాత్రమే పని. "నువ్వు చెప్పు, నేను నొక్కుతా" అనండి. మొదట్లో విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

అడిగే ముందు మూడు సంగతులు సిద్ధంగా ఉండాలి. మొదటిది ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్. సెట్టింగ్స్ తెరిచి అట్టడుగుకి జరిపితే 'అబౌట్ ఫోన్' ఉంటుంది. రెడ్‌మీలో అది పైనే ఉంటుంది. శాంసంగ్‌లో వెర్షన్ కనపడాలంటే దాని లోపల 'సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్' కూడా నొక్కాలి. చీటీ మీద రాసి పౌచ్ వెనక దూర్చుకోండి. యూట్యూబ్‌లో మీకు మీట దొరకనిది అందుకే. ఉదాహరణకి, తెర అడుగున ఉండే మూడు బటన్ల సెట్టింగ్ శాంసంగ్‌లో 'డిస్‌ప్లే' కింద ఉంటుంది, రెడ్‌మీలో 'హోమ్ స్క్రీన్' కింద, పిక్సెల్‌లో 'సిస్టమ్' కింద. ఒకరి ఫోన్ వీడియో చూసి ఇంకో ఫోన్‌లో వెతికితే తెల్లారిపోతుంది. వీడియో వెతికేటప్పుడు కూడా మోడల్ పేరు కలిపి వెతకండి.

రెండోది, తెర మీద ఏ మాట కనిపిస్తోందో అది ఉన్నదున్నట్టు. మూడోది, అంతకు ముందు మీరు నొక్కింది ఏది. "ఫోన్ పని చేయట్లేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "వాట్సాప్‌లో ఫొటో నొక్కితే గుండ్రంగా తిరుగుతోంది, తెరుచుకోవట్లేదు, పైన సిగ్నల్ పక్కన 4జీ అని లేదు" అంటే సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

చిలిపి_శాస్త్రి
రీస్టార్ట్ చేశారా?

సెట్టింగ్స్_సీతయ్య
శాస్త్రిగారు వేళాకోళానికి అన్నా, సగం రోగాలు దానితోనే కుదురుతాయి. కానీ కొత్తవాళ్లు ఇరుక్కునేదీ అక్కడే. ఇప్పటి శాంసంగ్‌లో పక్క బటన్ నొక్కి పట్టుకుంటే ఆఫ్ చేసే తెర రాదు, మాట విని పని చేసే బిక్స్‌బీయో జెమినీయో లేచి కూర్చుంటుంది. పక్క బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పట్టుకోవాలి. పిక్సెల్‌లో అయితే పవర్‌తో పాటు వాల్యూమ్ పెంచే బటన్. ఇవేవీ గుర్తుండకపోతే తెర పై అంచు నుంచి రెండుసార్లు కిందికి లాగండి, పవర్ గుర్తు కనిపిస్తుంది.

శాంసంగ్‌లో పాత అలవాటే కావాలంటే: సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ ఫీచర్స్, సైడ్ బటన్, అక్కడ నొక్కి పట్టుకుంటే ఏం రావాలన్న చోట పవర్ ఆఫ్ మెనూ పెట్టుకోండి.

రెండు బటన్లు నొక్కి తొందరపడి వదిలేస్తే స్క్రీన్‌షాట్, అంటే తెర ఫొటో, పడుతుంది. పడనివ్వండి, అదీ పనికొచ్చేదే.

ఓరుగల్లు_ఓపిక
స్క్రీన్‌షాట్ ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. దూరం ఉన్నోళ్లను అడగాలంటే వంద మాటలకన్న ఒక్క ఫొటో నయం. పవర్, వాల్యూమ్ డౌన్ రెండు ఒక్కసారే ఒత్తి ఇడిచిపెట్టాలె. రెడ్‌మీ, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లల్ల మూడు వేళ్లు పెట్టి కిందికి గుంజినా పడ్తది. చానా బ్యాంకు యాప్‌లల్ల పడదు, అది వాళ్లే బంద్ పెట్టిన్రు. గప్పుడు పక్కోళ్ల ఫోన్‌తోని ఫొటో తియ్యాలె. పంపేముందు ఒకసారి చూస్కోవాలె, పైన ఓటీపీ మెసేజ్ గిట్ల కనపడ్తున్నదా అని. కనపడ్తె గ్యాలరీల ఎడిట్ ఒత్తి కత్తిరించి పంపున్రి.

ఇంకోటి. ఎవరన్న చెప్తుంటే కాయితం మీద రాసుకునేలోపట్నే తెర ఆరిపోతది. మళ్ల లాకు, మళ్ల మొదటికి. చానా ఫోన్లల్ల అది 30 సెకండ్లకే ఆరేటట్టు ఉంటది. డిస్‌ప్లేల 'స్క్రీన్ టైమవుట్' 5 నిమిషాలు పెట్టుకోవాలె. రెడ్‌మీల ఇది లాక్ స్క్రీన్ సెట్టింగ్‌ల 'స్లీప్' అని ఉంటది. నేర్చుకున్నంక మళ్ల తగ్గించున్రి, లేకుంటే బ్యాటరీ పొద్దుమూకకముందే ఖతం.

కాకినాడ_కాజా
రిపేర్‌బెంచి గారితో సగమే ఏకీభవిస్తాను. వేలు మీదే ఉండాలన్నది సరే. కానీ మొదటిరోజు కొన్ని పనులు తెలిసినవాళ్లు చేసిపెట్టడమే మంచిదండీ. అవి కూడా నేర్పుతానని కూర్చుంటే అసలు సంగతికి రాకుండానే ఓపిక అయిపోద్ది.

అక్షరాల సైజు పెంచడం ఒకటి. అందులోనూ ఫాంట్ సైజు వేరు, డిస్‌ప్లే సైజు వేరు. మొదటిది అక్షరాల్నే పెంచుతుంది, రెండోది గుర్తుల్ని, మీటల్ని కూడా. రెండూ చివరిదాకా లాగేస్తే కొన్ని యాప్‌లలో అడుగున ఉండే మీట తెర బయటికి పోద్ది. ఒకటి రెండు మెట్లు చాలు.

తర్వాత, కింద మూడు బటన్లు పెట్టడం. వేలితో అంచు నుంచి తోసే పద్ధతిలో కొత్తవాళ్లు ఫొటోలు పక్కకి జరపబోయి యాప్‌లోంచి బయటపడుతుంటారు. మూడు బటన్లలోనూ ఒక తిరకాసు ఉంది: శాంసంగ్‌లో మామూలుగా 'వెనక్కి' కుడివైపు, పిక్సెల్‌లో ఎడమవైపు. ఫోన్‌లో చెప్పేటప్పుడు "ఎడమ పక్కది నొక్కు" అనకుండా "బాణం గుర్తున్నది నొక్కు" అనాలి.

ఇంకోటి 'టచ్ అండ్ హోల్డ్ డిలే', సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఉంటుంది. పెద్దవాళ్లు తట్టి వదలరు, గట్టిగా నొక్కి ఉంచుతారు. ఫోన్ దాన్ని 'నొక్కి పట్టుకున్నారు' అనుకుని ఇంకో మెనూ తెరుస్తుంది. దాన్ని 'లాంగ్' అని పెడితే ఆ గోల సగం తగ్గుతుంది.

రిపేర్‌బెంచి
కాజా గారు, ఒప్పుకున్నాను. దానికి 'లాక్ హోమ్ స్క్రీన్ లేఅవుట్' కూడా కలపండి, హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. "వాట్సాప్ మాయమైపోయింది" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి ఏమీ కాలేదు. వేలు పట్టి లాగడంలో గుర్తు పక్కకి పోయింది, అంతే. కింది నుంచి పైకి తోస్తే యాప్‌లన్నీ ఉన్న జాబితాలో అది భద్రంగా ఉంటుంది. ఆ జాబితా లేకుండా అన్నీ హోమ్ తెర మీదే ఉండే ఫోన్లలో మాత్రం చెత్తబుట్టలోకి లాగితే యాప్ నిజంగానే పోతుంది. అందుకే అడిగేటప్పుడు "యాప్ పోయింది" అనొద్దు, "హోమ్ తెర మీద గుర్తు కనపడట్లేదు" అనండి. రెంటికీ మందు వేరు.

నిజాంపేట_నిద్రలేమి
ఇవన్నీ ఎందుకు, పెద్ద అక్షరాలు, పెద్ద గుర్తులతో వచ్చే ఈజీ మోడ్ పెట్టేస్తే పోలా? శాంసంగ్‌లో డిస్‌ప్లే కిందే ఉంది. రెడ్‌మీలో లైట్ (Lite) మోడ్, రియల్‌మీలో సింపుల్ మోడ్.

కాకినాడ_కాజా
కాల్స్ వరకే వాడేవాళ్లకి బ్రహ్మాండం. నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేను వద్దంటాను. ఇంట్లో మిగతా అందరి ఫోన్‌కీ ఆయన ఫోన్‌కీ పోలిక లేకుండా పోద్ది. "నా ఫోన్‌లో అలా లేదు" అన్న మాట మళ్లీ మొదలు.

నిజాంపేట_నిద్రలేమి
చూపు సరిగ్గా లేనివాళ్ల సంగతో? మీరు చెప్పిన సెట్టింగుల్లో కొన్ని ఒక్క మీటలోనే వస్తున్నాయి కదా. నేర్చుకున్నాక తీసేయొచ్చు. నా మాట మీద నేనున్నా.

పలమనేరు_పిల్ల
ఫోన్ భాష తెలుగులో పెట్టుకోవాలా, ఇంగ్లీషులోనా? మా అమ్మకి తెలుగులో పెట్టినాము, ఇప్పుడు ఫోన్‌లో ఏదైనా చెప్పాలంటే నాకే తెలీడంలేదు ఏ మాట ఎక్కడుందో.

సెట్టింగ్స్_సీతయ్య
ఎవరు సాయం చేస్తారో వాళ్ల ఫోన్ భాషే ఈ ఫోన్‌కీ ఉంటే మేలు. తెలుగు చదవడమే వచ్చినవాళ్లకి తెలుగు తప్పదు. అలాంటప్పుడు సాయం చేసేవాళ్లే తమ ఫోన్‌ని ఒక రోజు తెలుగులోకి మార్చి సెట్టింగ్స్ తెరలన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి మధ్యేమార్గం ఒకటుంది: ఫోన్ ఇంగ్లీషులో ఉంచి, వాట్సాప్ లాంటి యాప్‌కి మాత్రం విడిగా తెలుగు పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర 'యాప్ లాంగ్వేజెస్' చూడండి.

రాయడం వేరే సంగతి. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు చేర్చేటప్పుడు తెలుగు అక్షరాల పలక, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగయ్యే పలక, రెండూ చూపిస్తుంది. టైపింగే తెలియనివాళ్లకి రెండూ వద్దు, మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడమనండి. భాష తెలుగని ఎంచుకుని ఉండాలి, లేకపోతే "బాగున్నావా" అంటే ఇంగ్లీషులో ఏదో వింత మాట రాస్తుంది.

చిలిపి_శాస్త్రి
మా పెళ్లి వాట్సాప్ గుంపులో ఆ వింత మాటలే వస్తుంటాయి. ఇప్పుడు అర్థమైంది.

రిపేర్‌బెంచి
దుకాణం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫోన్ కొన్నరోజు కౌంటర్లో కుర్రాడు "అన్నీ పెట్టి ఇస్తాం సార్" అని తనకి తోచిన జీమెయిల్, తనకి తోచిన పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చేస్తాడు. అది ఆ రోజుకే సాయం. రేపు ఏ కారణానికో ఫోన్ మొత్తం చెరిపి మొదలుపెట్టాల్సి వస్తే, మొదట ఉన్న జీమెయిలో, పాత స్క్రీన్ లాకో ఇస్తే తప్ప ఫోన్ తెరుచుకోదు. దొంగల కోసం ఆండ్రాయిడ్ 5.1 నుంచి పెట్టిన తాళం అది, ఇక్కడ యజమానికే పడుతుంది.

కాబట్టి దుకాణంలో అడగాల్సింది ఒకటే: "జీమెయిల్ నా నంబరుతో పెట్టండి, పాస్‌వర్డ్ నేనే కొడతాను." ఇప్పటికే జరిగిపోయి ఉంటే ఫోన్ బాగా ఉన్నప్పుడే సరిచేసుకోండి. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఖాతా నిర్వహణ, సెక్యూరిటీ. అక్కడ రికవరీ ఫోన్ నంబరు మీదేనా చూడండి. కాకపోతే మార్చండి. పాస్‌వర్డ్ తెలియకపోతే 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కండి. ఖాతా ఆ ఫోన్‌లో తెరిచే ఉంది కాబట్టి చాలాసార్లు స్క్రీన్ లాక్ అడిగి వదిలేస్తుంది. కానీ పాస్‌వర్డ్ మార్చిన వెంటనే ఫోన్ చెరపకండి, 24 గంటలు ఆగమని గూగులే చెబుతుంది.

ఓరుగల్లు_ఓపిక
దుకాణంల నేర్పమని అడిగేది ఉంటే గిరాకీ లేనప్పుడు పోవాలె. సాయంత్రం ఆరింటికి అబిడ్స్ జగదీష్ మార్కెట్‌ల నిలబడి "వాట్సాప్ నేర్పు బిడ్డా" అంటె ఎవడు నేర్పుతడు?

కొవ్వూరు_కోడలు
అర్జంటు. మామగారి ఫోన్ దానంతట అది మాట్లాడేస్తోంది. ఏది ముట్టుకున్నా దాని పేరు చదువుతోంది, తెరుచుకోవట్లేదు. జరపడానికీ లేదు. చుట్టూ ఓ గీత వస్తోంది. రెడ్‌మీ, ఆండ్రాయిడ్ 13.

సెట్టింగ్స్_సీతయ్య
అది టాక్‌బ్యాక్, చూపు లేనివాళ్ల కోసం పెట్టింది. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి 3 సెకండ్లు నొక్కి పట్టుకుంటే ఆన్ అవుతుంది. జేబులో నలిగి అయి ఉంటుంది. మళ్లీ అలాగే 3 సెకండ్లు పట్టుకోండి. పోకపోతే: ఈ స్థితిలో ఒక్కసారి తాకితే పేరు చదువుతుంది, ఆ తర్వాత వెంటవెంటనే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. జరపడానికి రెండు వేళ్లు వాడాలి. అలా సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆపేయండి. అక్కడే దాని షార్ట్‌కట్ కూడా తీసేయండి, మళ్లీ రాదు.

కొవ్వూరు_కోడలు
పోయింది! బటన్లతోనే.

రిపేర్‌బెంచి
అడిగిన తీరు చూడండి. ఫోను ఏదో, వెర్షన్ ఏదో, ముట్టుకుంటే ఏమవుతోందో అన్నీ ఉన్నాయి. "ఫోన్‌కి దెయ్యం పట్టింది" అని రాసి ఉంటే నలుగురు నాలుగు రకాలుగా ఊహించేవాళ్లు.

నిజాంపేట_నిద్రలేమి
దెయ్యం అంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టులో గూగుల్ ఫోన్ యాప్ రూపం మారి, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే కాల్ తెర వేరేగా వచ్చేసరికి జనం హడలిపోయారు. నేర్పినవాళ్లూ నేర్చుకున్నవాళ్లూ ఇద్దరూ మొదటికొచ్చారు.

సెట్టింగ్స్_సీతయ్య
కాల్ ఎత్తడానికి పక్కకి జరపడం నచ్చకపోతే, అదే యాప్ సెట్టింగ్స్‌లో 'ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్' ఉంటుంది, 'సింగిల్ ట్యాప్' పెట్టుకోండి. కొత్తవాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా అదే: "నేనేమైనా నొక్కానా, అప్‌డేట్ వచ్చిందా?" చాలామంది తమ తప్పే అనుకుని భయపడి అడగరు.

బ్యాంకు_కౌంటర్_7
ఇంతసేపూ ఎవరిని అడగాలో చూశాం. ఏది ఎవరికీ చెప్పకూడదో కూడా రాయాలి. కొత్తవాళ్లకి తికమకంతా 'పిన్' అన్న మాట దగ్గరే. స్క్రీన్ లాక్ పిన్ ఫోన్ తెరవడానికి, సాయం చేసే ఇంటివాళ్లకి తెలిసినా ఫర్వాలేదు. సిమ్ పిన్ వేరు. ఫోన్ ఆన్ చేయగానే సిమ్ పిన్ అడిగితే తోచిన అంకెలు కొట్టకండి. 3 సార్లు తప్పితే పీయూకే అనే, సిమ్ తాళం తీసే అంకె అడుగుతుంది, అది 10 సార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పోతుంది. పీయూకే మీ సిమ్ కంపెనీ దగ్గర దొరుకుతుంది. యూపీఐ పిన్ డబ్బు పంపడానికీ, నిల్వ చూసుకోవడానికీ. డబ్బు రావడానికి ఏ పిన్నూ అక్కర్లేదు. ఓటీపీ ఆ ఒక్క పనికే వచ్చే అంకె. చివరి రెండూ కొడుక్కైనా ఫోన్‌లో చదివి వినిపించకండి, మీరే కొట్టండి.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగ నంబర్లు కలిసిపోయి ఉంటాయి. బ్యాంకుదైతే ఏటీఎం కార్డు వెనక, ఫోన్ కంపెనీదైతే డబ్బా మీదా వారంటీ కాగితం మీదా ఉంటుంది. శాంసంగ్‌లో 'శాంసంగ్ మెంబర్స్' యాప్ లోపలి నుంచే సాయం అడగొచ్చు.

డాలస్_దిబ్బరొట్టె
ఊళ్లో అమ్మానాన్నలకి ఇక్కడి నుంచి చెప్పాలంటే వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చాలా బాగా పనిచేస్తుంది. 2023 నుంచి ఉంది. కాల్ మధ్యలో షేర్ గుర్తు నొక్కితే వాళ్ల తెర మనకి కనిపిస్తుంది. "పైన పచ్చగా ఉన్నది చూడు" అని చెప్పొచ్చు.

బ్యాంకు_కౌంటర్_7
అదే అలవాటు దొంగలకీ కావాలి. తెర పంచుకున్నంతసేపూ వచ్చే ఓటీపీలు అవతలివాళ్లకి కనిపించొచ్చు. ఎనీడెస్క్ అనే యాప్ గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

డాలస్_దిబ్బరొట్టె
ఎనీడెస్క్ వేరు, ఇది వేరు. ఎనీడెస్క్‌లో అవతలివాళ్లు మన ఫోన్‌ని నడపగలరు. వాట్సాప్‌లో చూడటమే, నొక్కలేరు. నిజానికి నేర్పడానికి అదే మంచిది. రిపేర్‌బెంచి గారి షరతు దానంతట అదే అమలవుతుంది, వేలు అమ్మదే.

బ్యాంకు_కౌంటర్_7
చూస్తే చాలు కదా ఓటీపీ పోవడానికి. సరే, ఒక కట్టుబాటు పెట్టుకోండి: కాల్ అమ్మగారే మీకు చేయాలి. వచ్చిన కాల్‌లో, ఎవరడిగినా సరే, తెర పంచుకోకూడదు. బ్యాంకు, యూపీఐ యాప్‌లు ఆ కాల్‌లో తెరవకూడదు. ఎవరో పంపిన ఏపీకే ఫైలు (నొక్కితే యాప్ ఎక్కించేది), అది పెళ్లి శుభలేఖ అన్నా ట్రాఫిక్ చలానా అన్నా, నొక్కకూడదు. డబ్బు పోతే ఎవరినీ సలహా అడుగుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

డాలస్_దిబ్బరొట్టె
కాల్ వాళ్లే చేయాలన్నది బాగుంది. ఈ వారం నుంచే.

పలమనేరు_పిల్ల
రిపేరుకిచ్చేటప్పుడు ప్యాటర్న్ అడిగి ఫోన్ వెనక చీటీ మీద గీసి అంటిస్తారు కదా, అది ఇవ్వచ్చునా?

రిపేర్‌బెంచి
గ్లాసు, బ్యాటరీ మార్చడానికి అక్కర్లేదు. టచ్, కెమెరా పరీక్షించడానికి కావాలంటారు. అప్పుడు శాంసంగ్‌లో 'మెయింటెనెన్స్ మోడ్' పెట్టి ఇవ్వండి, డివైస్ కేర్‌లో ఉంటుంది. మీ ఫొటోలు, మెసేజీలు, ఖాతాలు కనపడవు, ఫోన్ మాత్రం పనిచేస్తుంది. సిమ్ తీసి ఇంటికి పట్టుకెళ్లండి.

కాకినాడ_కాజా
పుస్తకం సంగతి చెప్పి వదిలేస్తాను. చిన్న నోటుబుక్కు, పేజీకి ఒకటే పని. గుర్తుల బొమ్మలు పెన్సిల్‌తో వేసుకోవాలి, అప్‌డేట్‌లో మారితే చెరిపి మళ్లీ వేసుకోవచ్చు. రాసింది చూస్తూ, పక్కన ఎవరూ మాట్లాడకుండా, మూడుసార్లు చేయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాతలో ఒక మెట్టు తప్పిందన్నమాట. నేర్పేవాళ్లని అప్పుడు అడగాల్సింది ఆ మెట్టు గురించే, మొత్తం మళ్లీ చెప్పమని కాదు. మొదట కాల్ ఎత్తడం, చేయడం, శబ్దం పెంచడం, టార్చి. తర్వాత వాట్సాప్‌లో మైకు పట్టుకుని మాట పంపడం. యూపీఐ అన్నిటికంటే చివర.

చిలిపి_శాస్త్రి
టార్చి ఆన్ చేయడం అందరికీ వస్తుంది. ఆపడానికి ఒక పేజీ విడిగా కేటాయించండి.

బటన్‌ఫోన్_భక్తుడు
చీటీ రాసి పౌచ్‌లో పెట్టాను. ఇప్పుడు పద్ధతి ప్రకారం అడుగుతున్నాను.

శాంసంగ్ గెలాక్సీ ఏ16, ఆండ్రాయిడ్ 15. కాల్ మాట్లాడుతుండగా మధ్యలో కట్టవుతోంది. తెర మీద ఏ మాటా రావట్లేదు, మామూలు హోమ్ తెర వస్తోంది. సిగ్నల్ నిండుగా ఉంది. స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచితే కట్టవట్లేదు, చెవి దగ్గర పట్టుకున్నప్పుడే.

సెట్టింగ్స్_సీతయ్య
పట్టుకున్నప్పుడు బొటనవేలు పక్క బటన్ మీద పడుతోందా? సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, 'ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీ', అందులో కాల్స్ ఎత్తడం, ముగించడం గురించిన చోట, పక్క బటన్‌తో కాల్ ముగించే మీట ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆపేయండి.

బటన్‌ఫోన్_భక్తుడు
ఆన్‌లోనే ఉంది. ఆపాను. నేనే నొక్కాను, ఎవరికీ ఇవ్వలేదు. అక్కయ్యతో 12 నిమిషాలు మాట్లాడాను, కట్టవలేదు.

చిలిపి_శాస్త్రి
ఇక అక్కయ్యగారి కాల్ ముగించడం ఎలాగో కొత్త ప్రశ్న వేయండి.